‘యువర్స్ టు లూజ్’ అంటే పోయినట్టేనా?



పీజీ చివరి ఏడాదిలో మాలో ఒకడు ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్లాడు. మొదటి రౌండు ముగిశాక అక్కడి అధికారి నవ్వుతూ ‘ది జాబ్ ఈజ్ యువర్స్ టు లూజ్’ అన్నారట. వాడి చెవికి ‘లూజ్’ ఒక్కటే వినబడింది. ఉద్యోగం పోయిందనుకుని బస్సెక్కి వచ్చేశాడు. రాత్రి గదిలో అందరం కూర్చుని ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు తిరగేసినా మాకూ అదే అర్థం తోచింది. సాయంత్రం నోటీసు బోర్డులో రెండో రౌండుకు వాడి పేరే ముందుందని మర్నాడు తెలిసింది. అప్పటికే ఆ రౌండు అయిపోయింది.

మేము గ్రామర్ చదవనివాళ్లం కాదు. ‘యువర్స్’ పొసెసివ్ ప్రొనౌన్ అని, ‘టు లూజ్’ ఇన్ఫినిటివ్ అని పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే. రెండూ పక్కపక్కన వస్తే ఏమవుతుందో మాత్రం మాకు తెలియలేదు. మీకు ఆ దెబ్బ తగలకూడదనే ఇది రాస్తున్నాం.

ముందు ‘యువర్స్’ సంగతి. ‘యువర్’ అంటే మీ, ‘యువర్స్’ అంటే మీది. ‘యువర్’ తర్వాత వస్తువు పేరు రావాలి. ‘యువర్స్’ ఒంటరిగా నిలుస్తుంది. మై–మైన్, అవర్–అవర్స్, హర్–హర్స్, దెయిర్–దెయిర్స్ కూడా ఇంతే. ‘హిజ్’ మాత్రం రెండు చోట్లా మారదు. యువర్స్, హర్స్, అవర్స్, దెయిర్స్ రాసేటప్పుడు ఎస్ ముందు అపోస్ట్రఫీ పెట్టకూడదు.

ఇక ‘టు’. ‘టు గో’ అంటే ‘వెళ్లడానికి’ అని నేర్చుకున్నాం. ఆ లెక్కన పై వాక్యం ‘ఉద్యోగం పోగొట్టుకోవడానికి మీది’ అవుతుంది. అర్థం లేదు. ‘యువర్స్’ వెనక ‘టు’ వస్తే, ఆ వస్తువుతో ఏం చేసే హక్కు, బాధ్యత లేదా అవకాశం మీ చేతిలో ఉందో అది చెబుతుంది.

‘దిస్ బుక్ ఈజ్ యువర్స్ టు కీప్’ – ఈ పుస్తకం మీరే ఉంచుకోవచ్చు, తిరిగివ్వక్కర్లేదు.

‘ది డెసిషన్ ఈజ్ హర్స్ టు మేక్’ – నిర్ణయించుకోవాల్సింది ఆమే.

‘ఇట్ ఈజ్ నాట్ మైన్ టు గివ్’ – దాన్ని ఇచ్చే హక్కు నాకు లేదు.

‘టు లూజ్’ దగ్గరే తిరకాసు. పోగొట్టుకోవాలంటే ముందు చేతిలో ఉండాలి కదా! టీవీ గదిలో క్రికెట్ గుర్తు తెచ్చుకోండి. 30 బంతుల్లో 20 పరుగులు కావాలి, 8 వికెట్లున్నాయి. అప్పుడు కామెంటేటర్ ‘ది మ్యాచ్ ఈజ్ దెయిర్స్ టు లూజ్’ అంటాడు. అంటే గెలుపు వాళ్ల చేతిలోనే ఉంది, చేజేతులా పాడుచేసుకుంటే తప్ప. మావాడితో ఆ అధికారి అన్నదీ ఇదే. ఉద్యోగం ఖాయమైపోయిందని కాదు, దాదాపు వచ్చినట్టేనని.

కాబట్టి ఒక్క మాట పట్టుకుని లేచి రాకండి. అర్థం కాకపోతే అక్కడే ‘సర్, కుడ్ యూ ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ దట్?’ అని అడగండి. అడిగితే పోయే పరువు కన్నా అడగక పోయే అవకాశమే పెద్దది.

చివరగా ఒక్కమాట. తెలుగులో ‘మాది’ వేరు, ‘మనది’ వేరు. ఇంగ్లిషులో రెండూ ‘అవర్స్’ే. ‘ఇంగ్లిష్ ఈజ్ అవర్స్ టు లెర్న్’ అని మేమంటున్నాం. ఆ ‘అవర్స్’ని ‘మాది’ అని కాదు, ‘మనది’ అని చదువుకోండి.