తుపాకికి తొడుగెందుకు?

పొయ్యి మీద కాగుతున్న పాలగిన్నెను దించాలంటే మసిగుడ్డ కోసం వెతుక్కుంటాం. పెనానికి చెక్కపిడి ఉంటే ఆ అవసరం ఉండదు. చెక్కగుండా వేడి త్వరగా ప్రయాణించదు కదా! ఇదే సూత్రం రైఫిల్‌లోనూ పనిచేస్తుంది. అయితే అక్కడ సమస్య వేడితోనే తీరిపోదు.

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ మనకు పొరుగు జిల్లా. 2007లో దంతెవాడ నుంచి విడివడి ఏర్పడింది. ఇంద్రావతి నది గోదావరిలో కలిసేది ఈ జిల్లాలోని భద్రకాళి వద్దే. గోండి, హల్బీ భాషలతోపాటు ఇక్కడ తెలుగు కూడా వినిపిస్తుంది. మావోయిస్టులకూ, ప్రభుత్వ బలగాలకూ మధ్య పోరు సాగిన ఏళ్లలో ఇక్కడి సంతలకు వెళ్లినవారు రోడ్డు పక్కన నిలబడిన జవాన్లను చూసే ఉంటారు. వాళ్ల రైఫిళ్లలో ఎడమచెయ్యి పట్టుకునే భాగం అన్నింటికీ ఒకేలా ఉండదు. ఇన్సాస్‌కు గట్టి ప్లాస్టిక్ ఉంటుంది. పాత ఎకె రకాలకు చెక్క ఉంటుంది. కొన్నింటికి పళ్లున్న లోహపు పట్టాలు, వాటికి బిగించిన టార్చిలైటు కనిపిస్తాయి. ఈ భాగాన్నే హ్యాండ్‌గార్డ్ అంటారు. మనం తొడుగు అందాం. వీటిలో ఏది మేలు? ముందు వేడి సంగతి చూద్దాం.

ఎంత వేడి పుడుతుంది?

ఇన్సాస్ తూటా బరువు సుమారు 4 గ్రాములు. గొట్టం దాటేటప్పుడు దాని వేగం సెకనుకు దాదాపు 900 మీటర్లు. గతిజశక్తి సూత్రం మీకు తెలిసిందే. ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి సగం చేస్తే 1,620 జౌళ్లు వస్తాయి. మందు మండినప్పుడు విడుదలయ్యే శక్తిలో ఇది మూడోవంతుకు కాస్త అటూ ఇటూ మాత్రమే. మిగిలినదాంట్లో చాలాభాగం వేడివాయువులతో బయటికి పోతుంది. కొంత భాగం గొట్టానికి అంటుకుంటుంది.

లెక్క సులువుగా ఉండటానికి ఒక్కో తూటాకు వెయ్యి జౌళ్లు గొట్టానికి చేరతాయనీ, గొట్టం బరువు ఒక కిలో అనీ అనుకుందాం. కిలో ఉక్కు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరగడానికి సుమారు 460 జౌళ్లు కావాలి. ఇన్సాస్ మ్యాగజైన్‌లో 20 తూటాలు పడతాయి. అవన్నీ వెంటవెంటనే పేలిస్తే 20,000 జౌళ్లు చేరి, గొట్టం ఉష్ణోగ్రత దాదాపు 43 డిగ్రీలు పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో మొదలుపెడితే 83 డిగ్రీలకు చేరుతుంది. రెండో మ్యాగజైన్ కూడా అయిపోతే 126! మధ్యలో చల్లారే వేడిని మనం లెక్కలోకి తీసుకోలేదు. అయినా 45 డిగ్రీల దగ్గరే మన చర్మానికి నొప్పి మొదలవుతుందని గుర్తుంచుకోండి. తొడుగు లేకుండా ఆ గొట్టాన్ని పట్టుకోవడం అసాధ్యం.

చెక్కా, ప్లాస్టిక్కా, లోహమా?

ఉష్ణవాహకతలో చెక్క, ప్లాస్టిక్ ఇంచుమించు ఒకే తరగతివి. ఉక్కు వాటికంటే వందల రెట్లు మంచి వాహకం. అల్యూమినియం ఉక్కుకంటే మరో మూడు నాలుగు రెట్లు. వీటన్నిటికంటే అధమ వాహకం నిశ్చలంగా ఉన్న గాలి. అందుకే తొడుగుకూ గొట్టానికీ మధ్య ఖాళీ వదులుతారు. అమెరికా ఎం-16 తొడుగుల్లో ప్లాస్టిక్ లోపల పలుచని అల్యూమినియం రేకు కూడా ఉంటుంది. గొట్టం నుంచి వికిరణం చెందే వేడిని అది వెనక్కి పంపుతుంది. తొడుగుకు పైనా కిందా రంధ్రాలు పెడితే వేడిగాలి పైకి పోయి, చల్లగాలి కిందినుంచి చేరుతుంది. వహనం, సంవహనం, వికిరణం అంటూ మనం చదువుకున్న మూడు పాఠాలూ జానెడు తొడుగులో ఇమిడి ఉన్నాయన్నమాట.

మరి వేడిని ఇట్టే అందుకునే అల్యూమినియాన్ని ఎందుకు వాడుతున్నారు? అది తేలిక, పైగా గట్టిది. ఉక్కు సాంద్రత 7.8 అయితే దీనిది 2.7. ప్లాస్టిక్‌లా వంగదు కాబట్టి పళ్లపట్టాలు చెక్కడానికి అనువుగా ఉంటుంది. చెయ్యి కాలకుండా పట్టాల మీద రబ్బరు లేదా ప్లాస్టిక్ పలకలు తొడుగుతారు.

ఈ పళ్లపట్టాకు అమెరికా సైన్యం 1995లో ఒక ప్రమాణం నిర్ణయించింది. న్యూజెర్సీలోని ఆయుధాగారం పేరు మీద దాన్ని పికటిన్నీ పట్టా అంటారు. ఒక గాడికీ మరో గాడికీ మధ్య దూరం దాదాపు 10 మిల్లీమీటర్లు. కొలత ఒక్కటే కావడంతో ఏ కంపెనీ లైటైనా ఏ రైఫిల్‌కైనా బిగుస్తుంది. కాని నాలుగు వైపులా పళ్లుంటే బరువు పెరుగుతుంది. అందుకే 2014లో వచ్చిన ఎం-లాక్ పద్ధతిలో పళ్లకు బదులు గాడులు మాత్రమే ఉంచి, కావలసిన చోట పట్టా బిగిస్తారు.

ముందుభాగంలో బరువు పెరిగితే నష్టమేమిటి? భుజానికి 60 సెంటీమీటర్ల దూరంలో 300 గ్రాముల వస్తువు పెడితే, 10 సెంటీమీటర్ల దూరంలో పెట్టినదానికంటే ఆరు రెట్లు ఎక్కువ బలభ్రామకం కలుగుతుంది. ఖాళీగానే నాలుగు కిలోలుండే రైఫిల్‌తో రోజంతా అడవిలో నడిచేవాడి చెయ్యి ఆ తేడాను వెంటనే గుర్తిస్తుంది.

రెండు అమరికలు

పట్టాల తొడుగులను రెండు విధాలుగా అమరుస్తారు. మొదటిది డ్రాప్-ఇన్ పద్ధతి. పాత తొడుగు తీసి, అదే చోట కొత్తది పెట్టేస్తారు. గొట్టం విప్పక్కర్లేదు, పెద్ద పనిముట్లు అక్కర్లేదు. కొద్ది నిమిషాల పని. ఖర్చూ తక్కువే. కాని దాని ముందుకొస గొట్టానికే ఆనుకుని ఉంటుంది. జవాను తొడుగును గోడకు ఆనించినా, గట్టిగా లాగి పట్టుకున్నా ఆ ఒత్తిడి గొట్టం మీద పడి, అది కొద్దిగా వంగుతుంది.

రెండోది ఫ్రీ ఫ్లోట్ పద్ధతి. తొడుగును గొట్టం మొదట్లో మాత్రమే బిగిస్తారు. ముందంతా ఎక్కడా తగలదు. తొడుగు మీద ఒత్తిడి గొట్టానికి చేరదు. అయితే దీన్ని అమర్చడానికి పనిముట్లు, తెలిసిన పనివాడు కావాలి. 2019లో మన సైన్యం 72,400 సిగ్-716 రైఫిళ్ల కొనుగోలుకు ఒప్పందం చేసుకుంది. వాటి తొడుగు ఈ రకానిదే. ఎకెలో ఇంకో చిక్కు ఉంది. దాని పైతొడుగు గ్యాస్ గొట్టం మీద కూర్చుంటుంది. అది వేడెక్కుతుంది, కొద్దిగా కదులుతుంది కూడా. అక్కడ లైటు పెడితే ఫర్వాలేదు. గురిచూసే అద్దం పెడితేనే ఇబ్బంది.

మిల్లీమీటరులో పదోవంతు

ఎంత ఇబ్బంది? అద్దం పీట పొడవు 100 మిల్లీమీటర్లనుకోండి. అందులో ఒక కొస 0.1 మిల్లీమీటరు లేచింది. అంటే వెయ్యికి ఒకటి వంపు. వంద మీటర్ల దూరంలో అది 10 సెంటీమీటర్ల తప్పు అవుతుంది. 300 మీటర్ల దగ్గర 30 సెంటీమీటర్లు!

బీజాపూర్‌లాంటి చోట ఈ లెక్క కాగితం మీదే ఆగిపోదు. అడవి అంటే అక్కడ తునికాకు కోసేవాళ్లు, ఇప్పపూలు ఏరేవాళ్లు, పశువులు కాసే పిల్లలు కూడా. 2021 ఏప్రిల్‌లో బీజాపూర్-సుక్మా సరిహద్దులో జరిగిన ఒక్క దాడిలోనే 22 మంది జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. 2012 జూన్‌లో సార్కేగూడ వద్ద రాత్రిపూట కాల్పుల్లో 17 మంది గ్రామస్థులు మరణించారు. వాళ్లు మావోయిస్టులనడానికి ఆధారం లేదని న్యాయవిచారణ కమిషన్ నివేదిక చెప్పినట్లు 2019లో వెల్లడైంది. మంచి తొడుగో, టార్చిలైటో ఉంటే ఇవి జరిగేవి కావని ఎవరూ అనలేరు. ఎదుట ఉన్నదెవరో తేల్చుకోవలసింది మనిషే. కాని గురిచూసిన చోటికే తూటా వెళ్లాలన్నది సాధనానికి ఉండవలసిన కనీస లక్షణం. కాబట్టి లైటు మాత్రమే పెట్టుకునేవారికి డ్రాప్-ఇన్ తొడుగు చాలు. అద్దం పెట్టాలంటే, అది తొడుగు మీద కాక రైఫిల్ కదలని భాగం మీద ఉండటం మేలు.

మీరూ చేసి చూడండి

30 సెంటీమీటర్ల స్కేలుకు చిన్న లేజర్ లైటును రబ్బరు బ్యాండుతో కట్టండి. స్కేలును బల్ల మీద పెట్టి, మూడు మీటర్ల దూరంలోని గోడ మీద వెలుగుచుక్క పడిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టండి. వెలుగును ఎవరి కంట్లోనూ పడనివ్వకండి. ఇప్పుడు స్కేలు ఒక కొస కింద ఒక మిల్లీమీటరు మందం అట్టముక్క పెట్టండి. చుక్క ఒక సెంటీమీటరు జరుగుతుంది. గోడను పది రెట్లు దూరం జరిపితే ఎంత జరుగుతుందో లెక్క వేయండి.