గీజరు: మరమ్మతు చేయింపవలయునా? మార్పవలయునా?

మార్గశిర పుష్యమాసములయందు మన నారాయణఖేడు ప్రాంతమున తెల్లవారుజాము చలి మిక్కిలిగ నుండును. ఆ దినములలో వేడినీరు భోగవస్తువు గాదు. బడికి పోవు పిల్లలకును, వృద్ధులకును, బాలింతలకును అవసరము. పూర్వము పెరటి పొయ్యిమీద రాగి కాగు గాని, నడుమ పొగగొట్టముగల రాగి బాయిలరు గాని యుండెడిది. నేడు పెక్కుయిండ్లలో విద్యుత్తుచే పనిచేయు గీజరు ఆ స్థానమున నిలిచినది. కాగునకు చిల్లిపడెనేని కంచరివాడు మాటు వేసి యిచ్చెడివాడు. చిల్లి కంటికి కనబడుచుండెను. గీజరు లోపలి దోషమట్లు కనబడదు. కనుక అది చెడినంతనే, బాగుచేయింతుమా, క్రొత్తది కొందుమా యను సందేహము గృహస్థుని బాధించును. ఈ సందేహమునందు ధనమొక్కటియే గాక యింటివారి ప్రాణభద్రతయు నిమిడియున్నది. అందుచే దానిని తీర్చుకొను మార్గమును చదువరులకు తెలుప దలచితిమి.

మొదట గీజరు నిర్మాణమును తెలిసికొందము. వెలుపలి తొడుగునకును లోపలి టాంకికిని నడుమ వేడిని పోనీయని నురుగువంటి పదార్థము నింపబడియుండును. టాంకిలో నీటిని కాచు కాయిలును, తగిన వేడి కలుగగనే విద్యుత్తును ఆపు థర్మోస్టాటును, అది పనిచేయనిచో అడ్డుపడు కటౌటును, ఒత్తిడి హెచ్చినపుడు నీటిని వెలుపలికి వదలు సేఫ్టీ వాల్వును ఉండును. అనేక గీజరులలో మెగ్నీషియము కడ్డీ యొకటి కూడ వ్రేలాడుచుండును. వీనిలో టాంకి తప్ప తక్కినవన్నియు విప్పి మార్పదగినవే. ఈ యొక్క భేదమును గుర్తుంచుకొన్నచో సగము సందేహము తీరినట్లే.

ఇక గీజరు చెడుటకు ముఖ్యకారణము నీరే. బోరు నీటిలో భూమిలోని సున్నపు లవణములు కరగియుండును. నీటిని కాచినపుడు వానిలో కాల్షియము బైకార్బొనేటు విడిపోయి, కాల్షియము కార్బొనేటుగ మారి, కాయిలుపై తెల్లని పొరగ పేరుకొనును. బోరు నీరు కాచిన గిన్నె యడుగున మన తల్లులు చూచు తెల్లని పొర యిదియే. త్రాగునీటి కాఠిన్యము లీటరునకు 200 మిల్లీగ్రాములలోపున నుండుట మేలనియు, వేరు నీరు దొరకనిచో 600 వరకు అనుమతింపవచ్చుననియు భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. నదీజలము సాధారణముగ బోరు నీటికంటె మృదువైనది. కావున మంజీరా నీరు వచ్చు ఇంటి గీజరునకంటె, బోరు నీటిపై ఆధారపడిన యింటి గీజరునకు తరచుగ శుభ్రత కావలయును.

సున్నపు పొర వేడిని త్వరగ పోనీయదు. కాయిలు వేడి నీటిలోనికి పోజాలక కాయిలునందే నిలిచి, తుదకు దానిని మాడ్చివేయును. థర్మోస్టాటు చుట్టును పొర కట్టెనేని అది నీటి వేడిని సరిగ గుర్తింపజాలదు. నీరు కాగునపుడు చిటపట ధ్వని వినబడుట ఈ పొరకు సూచన.

టాంకి తుప్పుపట్టకుండ కాచునది మెగ్నీషియము కడ్డీ. మెగ్నీషియము ఇనుముకంటె త్వరగ క్షయించు లోహమగుటచే, తాను క్షయించుచు ఇనుమును కాపాడును. ఇంగ్లండునందు సర్ హంఫ్రీ డేవీ 1824 సంవత్సరమున ఓడల అడుగు రాగిరేకులను జింకు ముక్కలతో కాపాడవచ్చునని చూపినది ఈ సూత్రమువలననే. కడ్డీ పూర్తిగ కరగిపోయిన పిమ్మట తుప్పు టాంకినే పట్టును. అల్పమైన వెలగల ఆ కడ్డీని సకాలమున మార్పనివారు టాంకినే పోగొట్టుకొందురు.

ఇప్పుడు నిర్ణయమునకు వత్తము. మొదటి ప్రశ్న: నీరు ఎచ్చటనుండి కారుచున్నది? గొట్టపు అతుకునొద్ద కారినచో వాషరు మార్చిన చాలును. నీరు కాగునపుడు మాత్రము వాల్వునుండి కొన్ని చుక్కలు పడినచో భయపడ బనిలేదు. 15 లీటర్ల నీరు 20 డిగ్రీలనుండి 60 డిగ్రీలవరకు కాగినయెడల, వ్యాకోచముచే దాని ఘనపరిమాణము పావులీటరునకు కొంచెము తక్కువగ పెరుగును. ఆ నీరే యట్లు వెలువడును. చల్లగనున్నపుడును ఎడతెగక కారినచో వాల్వును చూపింపవలయును. కాని టాంకి గోడయే తుప్పుపట్టి, తొడుగు క్రిందినుండి నీరు కారుచున్నచో ఇక మరమ్మతు వలదు. పైన అంటించు లేపనములు ఆ ఒత్తిడికిని వేడికిని నిలువవు. విద్యుత్తును, నీటిని ఆపి, గీజరును మార్పవలయును.

రెండవ ప్రశ్న: నీరు వేడి యగుచున్నదా? పిల్లలు తమ తరగతిలో నేర్చిన లెక్కను ఇచ్చట ప్రయోగింపవచ్చును. 15 లీటర్ల నీటిని 20 డిగ్రీలనుండి 50 డిగ్రీలకు తెచ్చుటకు సుమారు 1,884 కిలోజౌళ్లు, అనగా అర యూనిటునకు కొంచెము మించిన విద్యుత్తు కావలయును. 2,000 వాట్ల కాయిలు ఈ పనిని సుమారు 16 నిమిషములలో చేయును. అరగంట గడచినను నీరు గోరువెచ్చగనే యున్నచో, కాయిలునందో థర్మోస్టాటునందో దోషమున్నదని తలపవచ్చును. టాంకి బాగుగనుండగా వీనికై గీజరునే పారవేయుట తగదు. గోటితో పోవుదానికి గొడ్డలి యేల?

మూడవ ప్రశ్న అన్నిటికంటె ముఖ్యమైనది: ఒంటికి విద్యుత్తు తగులుచున్నదా? నల్లా పట్టుకొన్నపుడు స్వల్పముగ జిల్లుమన్నను, మరునాటివరకు వేచియుండరాదు. తడిసిన దేహమునుండి విద్యుత్తు సులభముగ ప్రవహించును. వెంటనే మెయిను ఆపి, ఎలక్ట్రీషియనుచే కాయిలును, ఎర్తింగును పరీక్షింపజేయవలయును. ఎర్తింగు లేని యింట క్రొత్త గీజరును పెట్టినను అపాయము తొలగదు. 2,000 వాట్ల గీజరునకు సుమారు 9 ఆంపియర్ల విద్యుత్తు కావలయును గనుక, దానిని చిన్న 6 ఆంపియర్ల సాకెటునకు తగిలింపరాదు. కటౌటు మాటిమాటికి ఆపుచున్నదని దానిని తప్పించి నేరుగ తీగ కలుపుట, కారుచున్నదని సేఫ్టీ వాల్వును మూసివేయుట ఘోరమైన పనులు. నీరు ఆవిరియైనచో దాని పరిమాణము సుమారు 1,600 రెట్లు పెరుగును. ఆ బలమునకు టాంకి పగులవచ్చును. అట్టి మరమ్మతు ఎంత చౌకయైనను ఒప్పుకొనరాదు. బకెటులో వేయు హీటరు రాడ్డు తొడుగు చిట్లినచో దానిని బాగుచేయింపక మార్చివేయుటయే మేలు.

ఈ మూడును తేలిన పిదపనే ఖర్చు లెక్కకు రావలయును. క్రొత్త గీజరు వెల 6,000 రూపాయలనుకొందము. మరమ్మతునకు 900 రూపాయలగుచు, టాంకి గట్టిగ నున్నయెడల బాగుచేయించుటయే లాభము. మరమ్మతే 3,000 దాటుచు, గీజరు పాతబడి, గత రెండేండ్లలో పలుమారులు చెడియున్నచో, అది మన తెలంగాణమున చెప్పు "చారాణా కోడికి బారాణా మసాలా" యగును. కాయిలు మార్చుటకు ముందుగనే టాంకి లోపల తుప్పున్నదేమో చూపుమని మెకానిక్కును అడుగుడు. తుప్పుపట్టిన టాంకిలో క్రొత్త కాయిలు వేయించుట వలన ధనము రెండుమారులు పోవును.

క్రొత్తది కొనవలసివచ్చెనేని భారతీయ ప్రమాణముద్రయు, విద్యుత్తు పొదుపును తెలుపు నక్షత్రముల గుర్తును, టాంకికి ఎన్ని సంవత్సరముల హామీ కలదో చూడుడు. కాయిలునకిచ్చు హామీ వేరు, టాంకికిచ్చు హామీ వేరు. కుటుంబము చిన్నదగుచో పెద్ద టాంకి వలదు. వాడని నీరు చల్లారిన కొలది విద్యుత్తు వృథా యగును.

బోరు నీరు వాడువారు ఏటేట చలికాలమునకు ముందు గీజరును విప్పించి, పొరను తీయించి, మెగ్నీషియము కడ్డీని చూపించుట మంచిది. స్నానమునకు ముందే గీజరును ఆపు అలవాటును పిల్లలకు నేర్పుడు. దోషము ఎచ్చటనున్నదో తెలిసికొనక క్రొత్తది కొనువాడును, టాంకి చిల్లిపడినను మాటు వేయించువాడును నష్టపడుదురు. ముందు పరీక్షించి, పిదప లెక్కించి, తరువాత వ్యయము చేయు గృహస్థుని ధనమును నిలుచును, ఇంటిల్లిపాదియు క్షేమముగ నుందురు.