సేన్ నది లంకలో నోత్రదామ్ పేట

పారిస్ నగరమధ్యమున సేన్ నది రెండు పాయలై పారుచోట ఒక చిన్న లంక కలదు. దాని పేరు ఇల్ ద లా సితే. అనగా నగరపు లంక. దాని తూర్పుకొనయందు నోత్రదామ్ మహాదేవాలయము నిలిచియున్నది. ఆలయమును ఎరుగనివారు అరుదు. దాని చుట్టునుండిన పేట కథను ఎరిగినవారు అంతకంటెను అరుదు.

1711లో ఆలయ గర్భభాగము క్రింద త్రవ్వుచుండగా చెక్కడపు రాళ్లు బయల్పడెను. రోమక చక్రవర్తి టైబీరియస్ కాలమున పారిసీ జాతి పడవవారు జూపిటరు దేవునకు అర్పించిన స్తంభపు తునకలవి. వానిపై రోమక దేవతలును, గాల్ దేశపు దేవతలును ప్రక్కప్రక్కనే కలరు. నేటికిని పారిస్ నగర ముద్రయందు పడవయే కనబడును.

1163 ప్రాంతమున మోరిస్ ద సుల్లీ అను బిషప్పు ఈ ఆలయనిర్మాణమునకు పూనుకొనెను. ఆయన సామాన్య కుటుంబమున పుట్టినవాడు. పని ముగియుటకు ఇంచుమించు రెండు శతాబ్దములు పట్టెను. ఆలయమున కుత్తరమున మతగురువుల యిండ్లు, దక్షిణమున రోగులకును నిరుపేదలకును ఆశ్రయమిచ్చు ఓతెల్ ద్యూ ఆసుపత్రి ఉండెను. పండ్రెండవ శతాబ్దారంభమున అబెలార్ పండితుడు ఇచటి పాఠశాలలోనే తర్కము బోధించెను. ఇట్టి పాఠశాలలనుండియే పారిస్ విశ్వవిద్యాలయము రూపొందెను.

1793లో విప్లవకారులు ఆలయముఖమునగల యూదా రాజుల విగ్రహములను ఫ్రెంచి రాజులవని భ్రమించి శిరస్సులు ఖండించిరి. అందులో 21 శిరస్సులు 1977లో భూమినుండి వెలువడెను. శిథిలమగుచుండిన ఆలయముపై 1831లో విక్టర్ హ్యూగో నవల జనుల దృష్టిని మరల్చెను. 1844లో లస్యూ, వియొలె ల్ దుక్ అను శిల్పులకు జీర్ణోద్ధారణ భారము అప్పగింపబడెను.

ఇచటనే కథ విషాదమగుచున్నది. ఆలయము బాగుపడుచున్న కాలముననే దాని పేట నేలమట్టమయ్యెను. ఆ యిరుకు సందులలో ఎండ సోకదు. 1832నాటి కలరా అచట ఎందరినో బలిగొనెను. కావున మార్పు అవసరమే. కాని 1853లో నగర పాలనాధికారియైన ఓస్మాన్ సందులను బాగుచేయలేదు, తుడిచివేసెను. ఇండ్లున్నచోట కచేరీలు, సైనికశాల, విశాలమైన మైదానము వెలసెను. కాపురమున్న బీదజనము చెల్లాచెదరయ్యెను. “అలలకు ఊగును గాని మునుగదు” అను నగర సూక్తిని అధికారముద్రగా స్వీకరించినదియు ఆ 1853లోనే!

2019 ఏప్రిల్ 15న ఆలయపు కప్పు కాలి, శిఖరము కూలినప్పుడు లోకమంతయు దుఃఖించెను. అయిదేండ్ల శ్రమతో 2024 డిసెంబరులో దాని ద్వారములు మరల తెరువబడెను. రాతిని నిలుపుట మనుష్యునకు సాధ్యమని అది నిరూపించినది. చెదరిన పేటను మాత్రము ఎవరును తిరిగి కట్టలేదు. 1980లో తెరచిన భూగర్భశాలలో దాని పునాదులు మాత్రమే కానవచ్చును. చరిత్రను చదువు విద్యార్థి గోపురమును చూచి తలయెత్తుట సహజము. ఒక్కసారి తలవంచి ఆ పునాదులను కూడ చూచినగాని అతని పాఠము పూర్తికాదు.