ఏపీ 15 నంబరు బండి

ఎల్లారెడ్డిపేట దారుల్లో రంగు వెలిసిన పాత మారుతి 800 నంబరు ప్లేటు మీద ‘ఏపీ 15’ కనిపిస్తే, అది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నాటి కరీంనగర్ జిల్లా బండి. 2014లో తెలంగాణ ఏర్పడి రాష్ట్రం మారింది. 2016లో ఈ ఊరు రాజన్న సిరిసిల్ల జిల్లాలోకి వచ్చింది. బండి నంబరు మాత్రం అదే.

1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగింది. మూడు సిలిండర్లు, 796 సీసీ ఇంజిను. పాత కార్బురేటర్ మోడళ్లలో కంప్యూటర్ ఉండదు. పల్లె మెకానిక్ స్పానర్లు, స్క్రూడ్రైవర్లతోనే విప్పి బాగుచేయగలడు. సీటు చిరిగినా, తలుపు కిర్రుమన్నా యజమాని తలెత్తుకునే నడుపుతాడు. అప్పు లేదు, కిస్తీ లేదు, బండి తనది. ఆ గర్వం న్యాయమైనదే.

ప్రధానిగా బీఎండబ్ల్యూలో తిరిగిన మన్మోహన్ సింగ్ కూడా తన కారు మారుతి 800 అనేవారట. ఆయన భద్రతా బృందంలో పనిచేసిన అసీమ్ అరుణ్ 2024లో ఈ సంగతి గుర్తుచేసుకున్నారు.

అయితే ఎంత గర్వమున్నా బ్రేకులు, టైర్ల దగ్గర రాజీ పనికిరాదు. పదిహేనేళ్లు నిండిన సొంత కారును రవాణా శాఖ తనిఖీ చేసి, గ్రీన్ ట్యాక్స్ కట్టించుకుని, రిజిస్ట్రేషన్‌ను మరో ఐదేళ్లు పొడిగిస్తుంది.