తల్లి వైపు చూపించే వేలు

నాలుగైదేళ్ల మగపిల్లాడు. పరుగెత్తబోతే పడిపోతాడు. నేలమీద కూర్చుంటే తిన్నగా లేవలేడు. చేతులు ముందు మోకాళ్లకు, తర్వాత తొడలకు ఆన్చి, తన ఒళ్లు తనే పట్టుకుని ఎగబాకుతున్నట్టు లేస్తాడు. పిక్కలు మాత్రం లావుగా, బలంగా కనిపిస్తాయి. ఇది డుషేన్ మస్క్యులర్ డిస్ట్రఫీ. పన్నెండేళ్లు వచ్చేసరికి చాలామంది చక్రాల కుర్చీకి చేరతారు. ఆ తర్వాత ఊపిరి కండరాల వంతు, గుండె వంతు. స్టెరాయిడ్లు, ఫిజియోథెరపీ జబ్బు వేగాన్ని తగ్గిస్తాయి. జన్యు చికిత్సలూ వస్తున్నాయి. పూర్తిగా నయం చేసే మందు మాత్రం లేదు.

ఈ మాట చెవినపడ్డాక ఇంట్లో తల్లి మీద విచారణ మొదలవుతుంది. గ్రహణం పూట బయటికొచ్చిందేమో, తినరానిది తిన్నదేమో, ఏ జన్మలో చేసుకున్న పాపమో! జన్యు పరీక్ష చేయించాక ఇంకా కష్టం, ఎందుకంటే సైన్సే సాక్ష్యం చెప్పినట్టవుతుంది. ఈ జబ్బుకు కారణమైన జన్యువు ఉండేది ఎక్స్ క్రోమోజోము మీద. కొడుక్కి ఎక్స్ వచ్చేది తల్లి నుంచే. ఇంకేం, నేరం రుజువైపోయింది!

రుజువైంది వారసత్వం, నేరం కాదు. డిస్ట్రోఫిన్ అనే ప్రొటీను కండరకణాల పొర చిరిగిపోకుండా కాపాడుతుంది. 1987లో లూయీ కుంకెల్ బృందం దాన్ని గుర్తించింది. మనిషిలో తెలిసిన జన్యువులన్నిటిలోకీ పొడవైనది దీనిదే, ఇరవై లక్షలకు పైగా అక్షరాలు. అంత పొడవున నకలు తీసేటప్పుడు ఎక్కడో ఒకచోట తప్పు దొర్లుతుంది, చాలాసార్లు ఓ ముక్కే ఎగిరిపోతుంది. సుమారు మూడింట రెండు వంతుల కేసుల్లో ఆ తప్పు తల్లిలో ముందే ఉంటుంది. అది ఆమె తండ్రి వీర్యకణంలో పుట్టినదైనా కావచ్చు. మిగతా మూడో వంతులో ఆమె రక్తపరీక్షలో అసలు కనిపించదు.

ఈ మూడో వంతు లెక్క జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్‌ది. 1935లో, ఎక్స్ ద్వారానే వచ్చే హీమోఫీలియా మీద వేశారు. జబ్బుపడ్డ మగవాళ్లకు సంతానం కలగకపోతే, చెడిన ఎక్స్‌లలో మూడో వంతు ప్రతి తరంలోనూ వాళ్లతోనే అంతరించాలి. అయినా జబ్బు తగ్గడం లేదంటే, అన్నే కొత్తగా పుడుతున్నాయన్నమాట.

మనవైపు మేనరికాన్నీ బోనెక్కిస్తారు. తలసీమియా లాంటి జబ్బుల్లో ఆ అనుమానానికి ఆధారం ఉంది. డుషేన్‌లో లేదు. తండ్రి ఎక్స్ కొడుక్కి రానే రాదు కాబట్టి, ఆ తండ్రి మేనమామ అయినా పరాయివాడైనా ఒకటే.

అలాగని కారణం వెతుక్కోవద్దంటే మనసు వింటుందా? అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త షెల్లీ టేలర్ బృందం 1984లో ప్రచురించిన అధ్యయనంలో, రొమ్ము క్యాన్సర్ వచ్చిన 78 మంది స్త్రీలలో 95 శాతం తమకెందుకొచ్చిందో ఏదో ఒక కారణం చెప్పుకున్నారు. ఫలానా కారణం చెప్పుకున్నవాళ్లే ఎక్కువ కుదుటపడ్డారని ఏమీ తేలలేదు. కానీ ఇంకొకరిని తప్పుపట్టినవాళ్లు ఎక్కువ కుంగారు. జబ్బు మీద తమకో డాక్టర్లకో కొంత పట్టు ఉందని నమ్మినవాళ్లు మెరుగ్గా తట్టుకున్నారు. నింద వల్ల కుంగారా, కుంగినందువల్ల నిందించారా అన్నది ఈ లెక్కలు తేల్చవు. నా కర్మ అనుకుని ఓ తల్లి ఊరట పొందితే నాకు పేచీ లేదు. నీ కర్మ అని ఇంకొకరు తీర్పు చెబితేనే పేచీ.

పట్టు చిక్కే చోట్లు నిజంగానే ఉన్నాయి. తల్లి క్యారియర్ అయితే, అంటే ఆ లోపం ఆమెలో ముందే ఉంటే, ఆమె అక్కచెల్లెళ్లకూ పరీక్ష చేయించాలి. ఆమెకు పుట్టబోయే ప్రతి కొడుక్కీ జబ్బు వచ్చే అవకాశం సగం. పరీక్షలో ఏమీ లేదని వచ్చినా కొన్ని అండాల్లో ఆ లోపం దాగి ఉండవచ్చు కనుక, మరో బిడ్డను కనేముందు జన్యు వైద్యులను కలవాలి. హైదరాబాద్ నిమ్స్‌లో అందుకు ప్రత్యేక విభాగం ఉంది. ఇంకొకటి, అందరూ మరిచిపోయేది: క్యారియర్ స్త్రీకి గుండె కండరం బలహీనపడే ప్రమాదం ఉంటుంది. పిల్లాడితో పాటు ఆమెకూ గుండె ఎకో తీయించండి.