టెస్టర్‌లో వెలిగే నియాన్ బల్బుతో అంకెలు: నిక్సీ క్లాక్ సంగతులు

ఎర్రుపాలెం నుంచి మళ్లీ మీ ముందుకొచ్చాను. ఈ ఎపిసోడ్‌లో నిక్సీ క్లాక్. రీల్స్‌లో మీరు చూసే ఉంటారు, చిన్న గాజు ట్యూబుల్లో నారింజ రంగు అంకెలు వెలుగుతుంటాయి. అది ఎల్ఈడీ కాదు, స్క్రీన్ కాదు, లోపల కాలే ఫిలమెంట్ కూడా కాదు. మరేంటది?

మీ ఇంట్లో కరెంట్ టెస్టర్ ఉంది కదా, స్క్రూడ్రైవర్ లాంటిది. అందులో వెలిగే చిన్న బల్బు చూడండి. గాజులో నియాన్ గ్యాస్, రెండు పొట్టి తీగలు, అంతే. వోల్టేజ్ సరిపడా రాగానే తీగ చుట్టూ ఉన్న గ్యాస్ వెలుగుతుంది. ఆ బల్బుకి డీసీ ఇస్తే ఒక్క తీగే వెలుగుతుంది, నెగటివ్ వైపు ఉన్నది. ఇప్పుడు ఆ నెగటివ్ తీగని 7 ఆకారంలో వంచామనుకోండి, 7 వెలుగుతుంది! నిక్సీ ట్యూబ్ అంటే ఇదే. సున్నా నుంచి 9 దాకా పది అంకెల తీగలు ఒకదాని వెనక ఒకటి, ముందు పాజిటివ్ జాలీ. ఏ అంకెని నెగటివ్‌కి కలిపితే అది వెలుగుతుంది. దగ్గర్నుంచి చూస్తే అంకె మారినప్పుడల్లా కాస్త ముందుకీ వెనక్కీ జరిగినట్టు ఉంటుంది. నాకు నచ్చేది అదే.

1955లో అమెరికాలో బరోస్ కంపెనీ వీటిని మార్కెట్లోకి తెచ్చింది. లేబొరేటరీ వోల్ట్‌మీటర్లలో, కౌంటర్లలో వాడేవాళ్లు. 1970ల్లో ఎల్ఈడీలు వచ్చి వీటిని పక్కకి నెట్టేశాయి. సోవియట్ యూనియన్‌లో మాత్రం ఇంకా చాలా ఏళ్లు చేశారు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరికే ఐఎన్-12, ఐఎన్-14 ఎక్కువగా ఆ పాత స్టాకే. ఐఎన్-12 కొంటే 5 అంకెని గమనించండి, తలకిందులు చేసిన 2 అది! ఇంకో తీగ డిజైన్ చేయడం ఎందుకనుకున్నారేమో.

ఇక అసలు విషయం, వోల్టేజ్. మనం ఆర్డ్యుయినోతో 5 వోల్టులకి అలవాటు పడ్డాం, ఎక్కడ ముట్టుకున్నా ఏమీ కాదు. ఈ ట్యూబ్ వెలగాలంటే 170 వోల్టుల పైనే కావాలి, అదీ డీసీ. 12 వోల్టుల అడాప్టర్ నుంచి అంత ఎలా వస్తుంది? పొలంలో మోటార్ నడుస్తున్నప్పుడు వాల్వు ఒక్కసారిగా మూస్తే పైపు ధన్‌మని అదురుతుంది కదా? పరిగెత్తే నీళ్లు ఆగలేక ఒత్తిడి పెంచేస్తాయి. కాయిల్‌లో కరెంట్ కూడా అంతే. సెకనుకి వేల సార్లు కరెంట్‌ని ఆపుతూ వదులుతూ, ఆ ఎగిరిన వోల్టేజ్‌ని డయోడ్ దాటించి కెపాసిటర్‌లో నింపుతారు. దీన్నే బూస్ట్ కన్వర్టర్ అంటారు. మాడ్యూల్ రెడీగా దొరుకుతుంది.

ఆ కెపాసిటర్ దగ్గరే జాగ్రత్త. అడాప్టర్ పీకేసినా అందులో ఛార్జ్ మిగిలి ఉంటుంది. 12 వోల్టులే కదా అని చెయ్యి పెడితే గట్టి షాక్. మల్టీమీటర్‌ని పెద్ద డీసీ రేంజ్‌లో పెట్టి, వోల్టేజ్ దిగిపోయిందని చూసుకున్నాకే ముట్టుకోండి. నేరుగా 230 వోల్టుల మెయిన్స్‌ని డయోడ్‌తో మార్చి వాడే సర్క్యూట్లు కూడా నెట్‌లో ఉన్నాయి. అవి మాత్రం వద్దే వద్దు. ఇంట్లో పిల్లలుంటే అక్రిలిక్ డబ్బా తప్పనిసరి.

ట్యూబ్‌కి సిరీస్‌లో రెసిస్టర్ కూడా మర్చిపోకూడదు. గ్యాస్ ఒకసారి వెలిగాక కరెంట్‌ని ఆపుకోలేదు, పెరిగిపోతూనే ఉంటుంది. లెక్క ఈజీ. సప్లై 180, వెలిగాక ట్యూబ్ మీద 140 దాకా, మిగిలింది 40 వోల్టులు. మనకి కావాల్సింది 2.5 మిల్లీ ఆంపియర్లు. భాగిస్తే 16 కిలో ఓమ్‌లు. మీ టెస్టర్‌లో ఉండే రెసిస్టర్ కూడా కరెంట్‌ని ఆపడానికే, అక్కడ అది కాపాడేది మిమ్మల్ని.

అంకెల్ని మార్చడానికి రష్యన్ చిప్ కె155ఐడీ1 ఉంది, ట్యూబ్‌కి ఒకటి. టైమ్ కోసం డీఎస్3231 మాడ్యూల్ తీసుకోండి. ఏడాదికి నిమిషం అటూ ఇటూ తేడా, అంతే. అందులో బటన్ సెల్ ఉంటుంది కాబట్టి కరెంట్ పోయి వచ్చినా టైమ్ తప్పదు. మన ఏరియాలో ఇది ఎంత ముఖ్యమో నేను చెప్పక్కర్లేదు. రెసిస్టర్లూ కెపాసిటర్లూ హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో వెతకొచ్చు.

ఇంకొక్కటి. గంటల్లో పదుల స్థానం ట్యూబ్ చూడండి. 24 గంటల పద్ధతిలో అక్కడ 0, 1, 2 తప్ప వేరే అంకె రాదు. వెలిగే తీగ నుంచి లోహం కొంచెం కొంచెంగా రాలి, ఖాళీగా ఉన్న అంకెల మీద పేరుకుంటుంది. కొన్నాళ్లకి ఆ అంకెలు ముక్కలు ముక్కలుగా వెలుగుతాయి. అందుకే కోడ్‌లో రోజూ తెల్లవారుజామున 3 గంటలకి పది అంకెల్నీ కొన్ని నిమిషాలు తిప్పేలా రాయండి. అందరూ పడుకున్నాక ట్యూబులు ఆపేస్తే ఇంకా మంచిది. ట్యూబ్ కింద నీలం ఎల్ఈడీ పెట్టేవాళ్లున్నారు, దయచేసి వద్దు, ఆ నారింజ వెలుగే చచ్చిపోతుంది.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో బోర్డు మీద సోల్డరింగ్ మొదలుపెడదాం. ఈలోపు బూస్ట్ మాడ్యూల్ ఒక్కటే తెప్పించుకుని, ట్యూబ్ పెట్టకుండా వోల్టేజ్ కొలిచి చూడండి.