పెరటి దోస: నాటు గింజ దాచుకోవడం, చేదు కనిపెట్టడం



తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు దోసకాయ పప్పు ఎరుగని ఇల్లు లేదు. అయినా తమ గింజ తామే దాచుకొని పెరటిలో తీగ పెంచే ఇళ్లు తగ్గిపోయాయి. కొన్న గింజ సంకర విత్తనమైతే దాని కాయలోని గింజకు తల్లి పోలిక రాదు, కనుక ఏటేటా కొనాలి. నాటు విత్తనం అలా కాదు. తరతరాలు అదే రంగు, అదే రుచి ఇస్తుంది. కాని తీగ మీద పరాయి పుప్పొడి పడకుండా చూసుకోవాలి. లేకపోతే చేదు రావచ్చు, చేదు దోస ఒంటికి మంచిది కాదు.

మనం పప్పులో వేసే గుండ్రని పసుపు దోస, పచ్చిగా తినే కీరా ఒకే కుటుంబానివి గాని ఒకే జాతి కావు. కీరా పుట్టినిల్లు మన దేశమే. పప్పు దోస ఖర్బూజ జాతికి చెందినది. అందుచేత కీరా, దోస పక్కపక్కన వేసినా ఒకదానితో ఒకటి కలవవు. ఖర్బూజ, చేలగట్ల మీద తనంతట మొలిచే చేదు అడవి దోస మాత్రం పప్పు దోసతో కలుస్తాయి. పుప్పొడి మోసేది తేనెటీగలు, వాటికి దడి అడ్డం కాదు. అలా కలిసినంత మాత్రాన ఈ ఏటి కాయ రుచి మారదు, కండ తల్లిదే కదా. తేడా లోపలి గింజలో ఉంటుంది, అది వచ్చే ఏడు బయటపడుతుంది. “పోయినేడు తియ్యగా కాసింది, ఇప్పుడు చేదెందుకండీ?” అని అడిగేవారికి చాలాసార్లు ఇదే జవాబు.

గింజలు జూన్, జూలైలో గాని, డిసెంబరు నుండి ఫిబ్రవరి లోపు గాని వేయవచ్చు. రాత్రి నానబెట్టి, పాదుకు మూడేసి చొప్పున అర అంగుళం లోతున వేసి, బలమైన మొక్కను ఉంచి మిగిలినవి తీసివేయండి. తెనాలి వైపు నల్లరేగడిలో నీరు నిలిచి వేరు కుళ్లుతుంది, కాబట్టి పాదు ఎత్తుగా చేయాలి. బాపట్ల ఇసుక నేలలో నీరు నిలవదు. బాగా చివికిన పశువుల ఎరువు ఎక్కువగా కలిపి, కొద్దికొద్దిగా తరచు తడపాలి. రేపల్లె దిగువన బోరు నీరు ఉప్పగా ఉంటే తీగ సాగదు. వాన నీరు, కాలువ నీరు, బియ్యం కడిగిన నీళ్లు మేలు. నీరు నిలవచేసే తొట్టికి మూత పెట్టండి, దోమలకు అదే పుట్టిల్లు. పురుగుమందు డబ్బాలను కడిగి కుండీలుగా వాడటం మాత్రం వద్దే వద్దు.

మొదట పూసేవి మగపూలు, అవి రాలిపోతే దిగులు పడనక్కర లేదు. వెనుక చిన్న పిందె ఉన్నదే ఆడపువ్వు. ఆకులు కొరికే గుమ్మడి పెంకు పురుగులు ఉదయం చలికి మందంగా ఉంటాయి, చేతితో ఏరవచ్చు. పండు ఈగ కుట్టి రాలిన కాయలను తీగ కింద వదలక లోతుగా పాతిపెట్టండి. బూడిద తెగులుకు గంధకం చల్లితే దోస ఆకు మాడిపోతుంది.

విత్తనం కోసం రెండు మూడు కాయలు చాలు. మరునాడు విచ్చుకోబోయే ఆడమొగ్గను, కొన్ని మగమొగ్గలను సాయంత్రం దారంతో కట్టండి. ఉదయం మగపువ్వు రేకులు తీసి, పుప్పొడిని ఆడపువ్వు మధ్యన తాకించి, ఆడపువ్వును మళ్లీ కట్టండి. గుర్తుకు కాడకు రంగు గుడ్డపీలిక కట్టండి. కాయ తీగ మీదే బాగా పండాక కోసి, ముక్క రుచి చూసి, చేదు లేకుంటేనే గింజ తీయాలి. గుజ్జుతో సహా ఒకటి రెండు రోజులు నీటిలో ఉంచి, కడిగి, అడుగుకు దిగిన గింజలను నీడన ఆరబెట్టి, బూడిద కలిపి సీసాలో దాస్తే మూడు నాలుగేళ్లు మొలకెత్తుతాయి.

ఇక చేదు సంగతి. దోస, కీరా, సొర, పొట్ల తీగల్లో కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థం ఉంది. తీవ్రమైన ఎండ, నీటి ఎద్దడి వల్ల కూడా కీరా చేదెక్కవచ్చు. చేదు సొరకాయ రసం తాగి కొందరు మరణించాక, భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘం ముందు చిన్న ముక్క రుచి చూడమని, చేదైతే పారవేయమని 2012లో ప్రచురించిన నివేదికలో సూచించింది. దోసకాయ కోయగానే మన అమ్మమ్మలు చేసే పనీ అదే. పులుపైతే భయం లేదు. చేదైతే ఉమ్మివేసి కాయ పారేయండి. ఉడికించినా, ఉప్పు, చక్కెర కలిపినా ఆ పదార్థం పోదు. కీరా తొడిమ కోసి రుద్దడం వల్ల గట్టి చేదు కాయ మంచిదైపోదు. పప్పు వండాక తెలిసినా సరే, కందిపప్పు ఖరీదు చూసుకొని పిల్లలకు పెట్టవద్దు.

పొరపాటున తిన్నాక కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు మొదలైతే ఆలస్యం చేయరాదు. వాంతిలో రక్తం కనబడినా, కళ్లు తిరిగినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. దీనికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. సెలైన్ ఎక్కించి, రక్తపోటు పడిపోకుండా కాపాడుతూ చికిత్స చేస్తారు. మిగిలిన కాయ ముక్కను కూడా వెంట తీసుకువెళ్లి డాక్టరుగారికి చూపించండి.